మూడు గంటల ఆటో

మా ఇంట్లో మత్తు పదార్థాలు వాడేవాళ్ళెవరూ లేరని నేను రెండుసార్లు చెప్పాను. ఒకసారి సర్వేకు వచ్చిన అమ్మాయికి, ఇంకోసారి డాక్టరుకు. రెండుసార్లూ ఎదురుగా మా అమ్మ ఉంది. రెండుసార్లూ నేను అబద్ధం చెబుతున్నానని అనుకోలేదు.

ముందు సర్వే సంగతి చెబుతాను. అమ్మ వరంగల్లో మగ్గాల వాడలో ఒక్కతే ఉండేది. నాన్న పోయాక షెడ్డులోని పవర్‌లూమ్‌లను కిరాయికిచ్చేసి, ముందు గదిలో కూర్చుని వాటికే దారం కండెలు చుట్టి ఇచ్చేది. నేను కాజీపేటలో రైల్వే క్వార్టర్లో ఉంటాను. మధ్యలో ముప్పావు గంట ఆటో ప్రయాణం. అప్పట్లో ఒకరోజు అమ్మను చూడ్డానికి వెళ్ళి, అన్నాలు తిని గడపలో కూర్చున్నాం. ఏదో కాలేజీ నుంచి ఒక అమ్మాయి చేతిలో ట్యాబు పట్టుకుని వచ్చింది. పెద్దవాళ్ళలో సరదాకు మత్తు వాడే అలవాట్ల మీద సర్వే అంది. సరదాకు అన్న మాట విని అమ్మ చుడుతున్న కండె ఆపింది.

"గంజాయి తాగేటోళ్ళు ఎవరన్న ఉన్నరా అమ్మా ఇంట్ల?" అని అమ్మాయి అడిగింది.

"థూ! గంజాయేంది బిడ్డా? మా ఇంటా వంటా లేదు."

"నిద్ర గోళీలు, దగ్గు మందు, సూదులు?"

"బీపీ గోళీ ఒక్కటి ఏసుకుంట. అదిగూడ యాదికుంటె."

"మందు?"

"మా ఇంటాయన మందు తాగే పోయిండు. ఆ వాసనొస్తెనే నాకు కడుపుల తిప్పుతది."

అమ్మ వెనక కిటికీలో రెండు ఖాళీ కల్లు సీసాలు ఉన్నాయి. ముందురోజు ఇంటికి తెచ్చుకున్నవి, సాయంత్రం వాపసు ఇవ్వాల్సినవి. ఆ అమ్మాయి వాటిని చూసింది. నేనూ చూశాను. ఈసారి ట్యాబు వైపు చూడకుండానే "కల్లు?" అని అడిగింది.

"కల్లు తాగకుంట ఎట్లుంటరు?" అంది అమ్మ. మీరు స్నానం చేస్తారా అని అడిగితే ఎలా చూస్తారో అలా చూసింది.

అమ్మాయి తెర మీద వేలు పైకీ కిందికీ జరిపి వెతికింది. "కల్లుకు సపరేట్ ఆప్షన్ లేదమ్మా. మందు లెక్కల కలుపుమన్నరో లేదో యాదికొస్తలేదు" అంది. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "మాది తొర్రూరు దిక్కు. మా అమ్మమ్మ గూడ రోజు తాగుతది, మంచిగనే ఉంటది" అంది. "లేదు" అని నొక్కింది. నన్ను కూడా అడిగింది. మా ఆయన గూడ్సు గార్డు. రోజూ మిషన్లో ఊది, వాసన లేదని తేలాకే డ్యూటీ ఎక్కే మనిషి. ఆయన మాటల్లో చెప్పాలంటే, తాగలేదని సర్కారే రోజూ సర్టిఫికెట్ ఇస్తుంది. హోళీకి మాత్రం ముందే రెండు రోజులు సెలవు పెట్టి, తోటి రైల్వే వాళ్ళతో కలిసి భంగు తాగి, మధ్యాహ్నం దాకా గోడతో మాట్లాడుతారు. అదేంటంటే ప్రసాదం అంటారు. నేను కూడా ప్రసాదమనే అనుకున్నాను కాబట్టి, మా ఇంట్లో ఎవరూ లేరని చెప్పాను. అమ్మ ఆ అమ్మాయికి మజ్జిగ ఇచ్చింది. నాలుగు కావస్తోందని తొందరగా పంపించేసింది.

నాలుగు కొడితే అమ్మ ఇంట్లో ఉండేది కాదు. మా వాడ చివర రేకుల షెడ్డు వేసిన కల్లు కంపౌండు ఉంది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు బెంచీల మీద కూర్చుంటారు. ఉడకబెట్టిన శనగ గుడాలు నములుతూ, కోడళ్ళ సంగతులు చెప్పుకుంటూ తలా రెండు సీసాలు తాగి ఇళ్ళకు పోయి కమ్మగా నిద్రపోతారు. ఎవరూ తూలరు, ఎవరినీ తిట్టరు. నాన్న తాగి వచ్చిన రోజుల్లో ఇల్లు పీకి పందిరేసేవాడు. దాని పక్కన పెట్టి చూస్తే అమ్మ తాగే కల్లు నాకు దేవుడిచ్చిన శాంతిలాగే కనిపించేది. ఈ చుట్టుపక్కల ఉన్న తాటిచెట్లకూ, రోజూ ఖాళీ అయ్యే సీసాలకూ పొంతన కుదరదని అందరికీ తెలుసు. కూర్చుని కుదిర్చి చూసినవాళ్ళు మాత్రం లేరు.

ఇప్పుడు నా కడుపులో ఉన్న మాట చెప్పాలి. అప్పటికి నా పెళ్ళై ఇరవై రెండేళ్ళైనా మా అమ్మ ఒక్క రోజు కూడా నా ఇంట్లో నిద్ర చేయలేదు. పొద్దున ఎనిమిదికి వచ్చేది. కూరలు తరిగేది, నా పిల్లల తలలు దువ్వేది, నేను దాచిపెట్టిన గిన్నెలు కూడా వెతికి తోమేది. గడియారం మూడు చూపిస్తే చెప్పులేసుకునేది. ఆ వేళకు ఆమె కోసం ప్రత్యేకంగా వచ్చే ఆటో ఏదీ లేదు. వరంగల్ వైపు పోయే ఏదో ఒక షేరాటో ఎక్కేది. మేమే దానికి మూడు గంటల ఆటో అని పేరు పెట్టాం. వాన పడినా, బంద్ అయినా, నా చిన్నోడికి జ్వరం వచ్చినా మూడు గంటల ఆటో ఆగేది కాదు.

"ఇయ్యాల ఒక్కరోజు ఉండరాదే అమ్మా" అంటే, "బిడ్డ ఇంట్ల పండుకుంటె నలుగురు ఏమనుకుంటరే" అనేది. ఎవరా నలుగురు అని నేను చాలాసార్లు అడిగాను. పేర్లు చెప్పేది కాదు.

మూడేళ్ళ కింద నాకు గర్భసంచి ఆపరేషన్ అయింది. పిల్లలు హాస్టల్లో ఉన్నారు, మా ఆయన లైను మీద ఉన్నారు. అమ్మ పదిహేను రోజులు వరసగా వచ్చింది, పదిహేను రోజులూ మూడింటికే వెళ్ళింది. ఒకరోజు నేను మంచం మీద నుంచి ఆమె కొంగు పట్టుకున్నాను. సిగ్గు విడిచి ఏడ్చాను. అమ్మ నా వేళ్ళను ఒక్కొక్కటే విడిపించి, నీళ్ళ చెంబు దగ్గరగా జరిపి, వెళ్ళిపోయింది. నాకు మండిపోయింది. కన్నతల్లికి నాకంటే ఆ నలుగురు ఎక్కువయ్యారని రెండు నెలలు ఫోను ఎత్తలేదు. తర్వాత ఎత్తాను కానీ, ఆ రోజు నుంచి ఆమె లేచినప్పుడల్లా "పో పో, నీ ఆటో పోతాంది" అని దెప్పడం మొదలుపెట్టాను. ఆమె ఎన్నడూ తిరిగి ఒక్క మాట అనలేదు. అది నాకు ఇంకా ఒళ్ళు మండించేది.

పోయినేడాది ఎండాకాలం ముందు అధికారులు వచ్చి మా వాడ కల్లు కంపౌండుకు సీలు వేసి వెళ్ళారు. కల్తీ అన్నారు. ఆ మాట అమ్మే ఫోనులో చెప్పింది. "మంచిగయిందిలే, నీకు రెండు సీసాల పని తప్పింది" అని నవ్వాను. తానూ నవ్వింది. మూడో రోజు పొద్దున పక్కింటి అత్త ఫోను చేసింది. "మీ అమ్మ ఎట్లనో చేస్తాంది బిడ్డా, జర జల్ది రా. గాలి సోకినట్టుంది" అంది.

నేను వెళ్ళేసరికి అమ్మ మెడలో నిమ్మకాయ ఉంది. చేతికి నల్లదారం కట్టారు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, ఒళ్ళోని దుప్పటి మీద లేని పోగును రెండు వేళ్ళతో పట్టుకుని, మెలిపెట్టి, ముడేస్తోంది. ముడి పడగానే ఇంకో పోగు వెతుకుతోంది. నన్ను చూసి, "దారం తెగుతాందే, ఊకె తెగుతాంది" అంది. తర్వాత నన్ను ఎవరని అడిగింది.

అదే వాడ నుంచి ఇంకో ముగ్గురిని సర్కారు దవాఖానకు తీసుకుపోతున్నారని పక్కింటి అత్త చెప్పింది. నేను వినలేదు. రైల్వే ఉద్యోగి భార్యను కదా, నాకు ప్రైవేటు కావాలి. హన్మకొండలో అద్దాల తలుపులున్న దవాఖానలో చేర్పించాను. అక్కడి డాక్టరు మర్యాదగల మనిషి. "అమ్మగారికి అలవాట్లేమైనా ఉన్నాయా? డ్రింకింగ్, డ్రగ్స్, నిద్రమాత్రలు?" అని అడిగారు.

"లేవు సార్" అన్నాను. "అసొంటి మనిషి కాదు." కొంచెం నొచ్చుకున్నాను కూడా.

వాళ్ళు తల ఫోటో తీశారు, రక్తం తీశారు, ఇంకో డాక్టరును పిలిపించారు. పక్షవాతం కాదన్నారు. ఏమిటో మాత్రం చెప్పలేదు. మర్నాడు పొద్దున అమ్మకు ఫిట్స్ వచ్చాయి. ఒళ్ళంతా కొట్టుకుంటుంటే పళ్ళ కింద నాలుక తెగింది. నర్సులు నన్ను బయటికి నెట్టారు. వరండాలో నేలను తుడుస్తున్న ఆయమ్మ ఒకామె బకెట్టు పక్కకు జరిపి, నాకు కూర్చోవడానికి చోటిచ్చింది. నా ఏడుపు కాస్త తగ్గేదాకా చూసి అడిగింది.

"ఏ కంపౌండు?"

"మా వాడల దాందే" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ.

"ఎన్ని సీసాలు?"

"రెండు. పండుగకు మూడు."

"బందయి ఎన్ని దినాలాయె?"

"నాలుగు."

ఆమె తుడిచే కర్రను గోడకు ఆనించి, నర్సు దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పింది. తిరిగి వచ్చి, "వీళ్ళకు అడుగుడు రాదమ్మా. మందు తాగుతరా అంటె అందరు లేదనే అంటరు. ఏ కంపౌండు అని అడగాలె" అని మళ్ళీ నేల తుడవడం మొదలుపెట్టింది. డాక్టరు అడిగినదానికి నేను ఇవ్వాల్సిన జవాబు మొత్తం ఈమెకు మూడు ప్రశ్నల్లో చెప్పేశానని నాకు అప్పుడు తట్టింది.

డాక్టరు నన్ను గదిలోకి పిలిచారు. "ఈ మాట నిన్ననే చెప్పుంటే బాగుండేదమ్మా" అన్నారు. "మీరు కల్లు అని అడగలేదు సార్" అన్నాను. ఆయన చీటీ మీద ఆ మాట రాసుకున్నారు. తర్వాత విడమరిచి చెప్పారు. ఆ కల్లులో నిద్రమాత్రల మందు కలుపుతారట. ఏళ్ళ తరబడి ఒళ్ళు దానికి అలవాటు పడుతుందట. ఒక్కసారిగా ఆగితే ఇలా అవుతుందట. ఇప్పుడు అలాంటి మందే గోళీలుగా ఇచ్చి, కొన్ని వారాల్లో మెల్లమెల్లగా తగ్గించాలి, సొంతంగా మానొద్దు, పెంచొద్దు, గోళీలు ఆమె చేతికి ఇవ్వొద్దు అన్నారు. నేను తల ఊపుతున్నాను కానీ నా మనసంతా అమ్మ నాలుక మీదే ఉంది. "లేవు" అన్నది నేను, తెగింది ఆమెకు. దానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

వారం తర్వాత అమ్మను కాజీపేట తీసుకొచ్చాను. గోళీలు నా బీరువాలో ఉన్నాయి కాబట్టి అమ్మ నా ఇంట్లో ఉంది. ఇరవై రెండేళ్ళ బతిమాలుడుకు దొరకనిది ఒక చీటీకి దొరికింది. దవాఖానలో అన్నీ సూదులే ఇచ్చారు; ఇంట్లో మొదటిరోజు గోళీ ఇస్తే, నాలుక నొప్పికి మింగలేక చాలాసేపు నోట్లోనే పెట్టుకుంది. ఆమె మొహం వెలిగింది.

"ఇది మన కల్లే గదనే!" అంది.

"కల్లు కాదమ్మా, గోళీ."

"నాకు చెప్పకు. ఇన్నేండ్ల సంది తాగుతాన, రుచి ఎరుక కాదా? గా ఎనక పట్టుకునే చేదు, గిదే."

తర్వాత ఆమెకు అర్థమైంది. ఆ రోజంతా మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది. మత్తు తాగినందుకు కాదు, మోసపోయినందుకు. చెట్టు నుంచి వచ్చిందని నమ్మి తాగింది పాపం. "మరి అసలు కల్లు ఎట్లుంటదో" అని సాయంత్రం తనలో తానే అనుకుంది. చిన్నప్పుడు వాళ్ళ నాయన ఆకు దొప్పలో పోసిన కల్లు పుల్లగా, తియ్యగా ఉండేదని గుర్తు చేసుకుంది. చేదు ఎప్పుడు మొదలైందో ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు.

మా ఆయన ఈ విషయంలో చాలా మంచిగా ఉన్నారు. అత్తమ్మా అత్తమ్మా అంటూ చుట్టూ తిరిగారు. హోళీ వచ్చింది, వెళ్ళింది, ఆయన సెలవు పెట్టలేదు. ప్రసాదం అనే మాట ఈ మధ్య గుడిలో కూడా జాగ్రత్తగా వాడుతున్నారు.

పదో రోజో, పదకొండో రోజో, ఇద్దరం చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. గడియారం మూడు కొట్టింది. బయట రోడ్డు మీద ఆటోవాడు హన్మకొండ, వరంగల్ అని అరుస్తున్నాడు. నా నోరు ఊరుకుంటుందా?

"ఏందమ్మా, మూడయ్యింది. ఇయ్యాల నలుగురు ఏమనుకుంటలేరా?"

అమ్మ చేతిలో ఉన్న కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసింది. "ఏ నలుగురే?" అంది. "నువ్వు నమ్ముతవని గట్ల అన్న."

నేను చెయ్యి ఆపాను.

"మూడు దాటితె చేతులు అదిరేటియి. నాలుగైతె పండ్లు, గదవ కొట్టుకునేటియి, చెమటలు పట్టేది. రెండు గుటకలు పడితెనే మనిషినయ్యేది. అల్లుని ముందట, నీ పిల్లల ముందట గట్ల కూసోవాల్నా? నువ్వు సూస్తవనే పోయిన."

"నా ఆపరేషన్ అప్పుడు గూడనా?"

"అప్పుడు రెండు సీసాలు సంచిల తెచ్చుకుందామనుకున్న. తెచ్చుకుంటె ఏడ తాగాలె? బిడ్డ ఇంట్ల బాత్రూంల తాగాల్నా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు కొంగు పట్టుకున్ననాడు ఆటోల కాజీపేట దాటేదాంక ఏడ్చిన. మల్ల కంపౌండుకే పోయిన."

నేను దెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటి గుర్తొచ్చాయి. పో పో, నీ ఆటో పోతాంది. నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. అలా చేయకుండా ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. చిక్కుడుకాయలు ఆ పూటకు అలాగే ఉండిపోయాయి.

అక్కడి నుంచి నాకు ఒక బుద్ధి పుట్టింది, చెప్పుకోవడానికి గొప్పది కాదు. గోళీ సగమైంది. సగం పావు అయింది. పావులు అయిపోతే అమ్మ వెళ్ళిపోతుంది. మళ్ళీ పొద్దున ఎనిమిదికి రావడం, మూడింటికి వెళ్ళడం. కాబట్టి ఆఖరి వారం నేను పావు ముక్కను కత్తితో మళ్ళీ రెండు చేశాను. ఇంకా తగ్గించమన్నారని అమ్మకు చెప్పాను. నిజానికి ఎవరూ చెప్పలేదు. రోజులు పెంచుకోవడానికే చేశాను. తర్వాత భయమేసి డాక్టరు దగ్గర ఒప్పుకుంటే, ఆయన చీటీ చూసి, "ఈ వయసుకు ఇంత మెల్లగా తగ్గించడమే మంచిది, కానీ ఇంకోసారి నన్నడక్కుండా కత్తి పట్టకండి" అన్నారు. తప్పు చేసి మెప్పు పొందడం నా జీవితంలో అదొక్కసారే.

ఆఖరి ముక్క శుక్రవారం అయిపోయింది. శనివారం పొద్దున పక్కింటి అత్త ఫోను వచ్చింది. నేను స్పీకరులో పెట్టాను, ఎందుకు పెట్టానా అని తర్వాత తిట్టుకున్నాను. "కంపౌండు తెరిశిండ్రు వదినా! ఈసారి అసలు కల్లేనంట. అందరు అడుగుతాండ్రు, నువ్వెప్పుడు వస్తవని" అంది. అమ్మ "అట్లనా" అంది. అంతే. ఫోను పెట్టేసి స్నానానికి వెళ్ళింది. ఉతికిన చీర కట్టుకుంది. తన సంచిలో బట్టలు మడిచి పెట్టుకుంది. నేను చూస్తూ వంటింట్లోనే ఉండిపోయాను. ఉండమని అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆమె ఎందుకు వెళ్ళేదో తెలిశాక అడగడానికి నాకు నోరు రాలేదు.

మూడింటికి అమ్మ చెప్పులేసుకుంది. సంచి పట్టుకుని గేటు దాకా వెళ్ళింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఆటో వచ్చి ఆగింది. "వరంగలా అమ్మా?" అని ఆటోవాడు అడిగాడు. అమ్మ ఒక చేత్తో గేటు పట్టుకుని ఉంది. ఆ చెయ్యి అదురుతుంటే గేటు చిన్నగా చప్పుడు చేస్తోంది. ఆటోవాడు ఇంకోసారి అడిగాడు. ఆమె ఏమందో నాకు వినపడలేదు. ఆటో వెళ్ళిపోయింది.

లోపలికి వచ్చి, సంచి కుర్చీ పక్కన పెట్టి, "చాయ్ పెట్టు" అంది. పెట్టి ఇచ్చాను. రెండు చేతులతో కప్పు పట్టుకుంది. అయినా అదిరింది. కప్పు సాసరుకు తగిలి టకటకమంది, చాయ్ సాసర్లోకి ఒలికింది. అమ్మ చెయ్యి కొంగు కింద దాచుకోలేదు. నా మొహం వైపు ఒకసారి చూసింది. తర్వాత సాసరు ఎత్తి, ఒలికిన చాయ్ కూడా తాగి, "రేపటికి ఏం కూర?" అని అడిగింది.